అమావాస్య నుంచి కల్లిపాడు దాకా: కారెంపూడి వీరుల తిరునాళ్ళ

గుంటూరు – పిడుగురాళ్ళ

పల్నాటి యుద్ధంలో ఒరిగిన వీరుల పేరిట కారెంపూడిలో ఏటా ఐదు రోజుల తిరునాళ్ళ జరుగుతుంది. దానికి పోవాలంటే గుంటూరు బస్టాండులో మాచర్ల బోర్డు కనిపించగానే ఎక్కేయకూడదు. ఆ బస్సుల్లో కొన్ని గురజాల మీదుగా పోతాయి, కొన్ని కారెంపూడి మీదుగా. కండక్టర్ని అడిగి ఎక్కాలి. గురజాల బస్సే దొరికితే పిడుగురాళ్ళలో దిగి మారడమే దారి. తిరునాళ్ళ రోజుల్లో ఒక రకంగా అదే నయం, పిడుగురాళ్ళ నుంచి కారెంపూడికి ఆటోలు వరసగా దొరుకుతాయి. గుంటూరు నుంచి టికెట్టుకు రెండు వందల నోటిస్తే చిల్లర తిరిగొస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుంటే చాలు. దాని ప్రభావం బస్సులోనే తెలుస్తోంది. సీట్లన్నీ కొబ్బరికాయల సంచులు ఒళ్ళో పెట్టుకున్న అమ్మలక్కలవి, ఫుట్‌బోర్డు మగవాళ్ళది.

సత్తెనపల్లి దాటాక నేల మారుతుంది. పిడుగురాళ్ళ చుట్టూ సున్నపు బట్టీలు, రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము. ఇంకా లోపలికి పోతే కవి శ్రీనాథుడు పల్నాడు మీద చెప్పిన చాటుపద్యంలో ఎగతాళి చేసిన నాపరాళ్ళు. గోడ అవే, గచ్చు అవే, పశువుల కొట్టం కప్పు అవే, చేను గట్టున పాతిన కంచె కూడా అవే. కాకపోతే ఆయన చూసిన సజ్జ, జొన్న చేలు ఇప్పుడు వెతికితే తప్ప కనపడవు. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళొదిలాక పల్నాడు మిరపకూ పత్తికీ వరికీ తిరిగింది. ఆ మిరపే గుంటూరు యార్డుకు చేరి గుంటూరు మిర్చి అనిపించుకుంటుంది.

బస కారెంపూడిలో దొరకదనే అనుకోవాలి. ఉన్న కాసిని గదులూ కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు, మోసుకొచ్చే కుటుంబాలకే చాలవు. పిడుగురాళ్ళ, నరసరావుపేట, మాచర్ల, ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట లాడ్జి చూసుకోవాలి. మామూలు గది వెయ్యికి అటూ ఇటూ ఉంటుంది. రాత్రి కథ వినాలనుకుంటే మాత్రం లాడ్జి దండగ. ఒక చాప, ఒక దుప్పటి తెచ్చుకుని గుడి దగ్గరే పడుకోవాలి, చలికాలం మొదలై ఉంటుంది గనక దుప్పటి మందమైనది.

కార్తీక అమావాస్య, రాచగావు

తిరునాళ్ళ కార్తీక అమావాస్యతో మొదలవుతుంది. వరసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. అమావాస్య ఘడియలు రెండు రోజుల మీద పడిన ఏడు క్యాలెండర్ చూసి బయల్దేరితే ఒకరోజు తేడా రావచ్చు. ముందే కారెంపూడిలో ఎవరినైనా అడగడం మంచిది.

పల్నాటి యుద్ధానికి చరిత్ర పుస్తకాలు సాధారణంగా 1176–1182 అని వేస్తాయి. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, ఒకే తండ్రి బిడ్డలు. వాళ్ళకు మంత్రులు నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు. చివరి పోరు జరిగింది ఇక్కడే, నాగులేటి ఒడ్డున. పాత కావ్యంలో ఈ ఊరు కార్యమపూడి. ఏటి పక్కనే వీరుల గుడి ఉంటుంది. లోపల అరవై ఆరుగురు వీరనాయకుల పేరిట లింగాలున్నాయి. దగ్గర్లోనే అంకాళమ్మ గుడి, ఊళ్ళో చెన్నకేశవుడి గుడి.

మొదటి రోజు చూడాల్సింది కొణతాలు రావడం. కొణతమంటే వీరుల ఆయుధం. కర్రకు బిగించిన ఇనుము, ఒక్కో ఇంటిది ఒక్కో తీరు. కొన్ని ఈటెల్లా, కొన్ని వెడల్పాటి కత్తుల్లా ఉంటాయి. ఏడాది పొడుగునా ఇంట్లో దేవుడి దగ్గర ఉండే దీన్ని గుడ్డ చుట్టి, భుజాన పెట్టుకుని తెస్తారు. తెచ్చేవాళ్ళని ఆచారవంతులంటారు. పల్నాడు నుంచే కాదు, తెలంగాణ నుంచీ రాయలసీమ నుంచీ వస్తారు. బస్సులో కొణతం కింద పెట్టరు. సీటు దొరికితే మనిషి నిలబడి కొణతాన్ని సీట్లో ఆనించిన వాళ్ళున్నారు. కండక్టరు ఏమీ అనలేదు, ఆ రోజుల్లో ఈ రూట్లో ఎవరూ అనరు.

ఏటి దగ్గర గుడ్డ విప్పుతారు. నాగులేట్లో గంగధారి మడుగని ఒక చోటుంది, ఆయుధాలకు స్నానం అక్కడే. ముందు పోయిన ఏటి పసుపు పెచ్చుల్ని గోటితో రాల్చి, నీళ్ళలో ముంచి, తడి గుడ్డతో ఇనుము తుడుస్తారు. కర్ర లోపలికి దిగే గొట్టం దగ్గర నీరు నిలిస్తే తుప్పు పడుతుంది. అందుకని కొణతాన్ని తలకిందులుగా పట్టుకుని అక్కడ మళ్ళీ తుడుస్తారు. తర్వాత కొత్త పసుపు, కుంకుమ బొట్లు, వేపమండ, పూలదండ, మొనకు నిమ్మకాయ. నిమ్మకాయ అలంకారానికే కాదు, జనంలో మొన ఎవరికీ గుచ్చుకోకుండా కూడా పనికొస్తుంది. ఇదంతా చేస్తున్న ఒక పెద్దాయన్ని ఫోటో అడిగితే, "బొట్టు పెట్టిందాకా ఆగు నాయనా, అట్టా తీయకూడదు" అన్నాడు. బొట్టు పెట్టాక తనే కొణతం నిటారుగా పట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడ పద్ధతి అదే. అడిగితే కాదనరు, అడక్కుండా ఫోన్ ఎత్తితే చెయ్యి అడ్డం పెడతారు. ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా కొణతాన్ని దాటి నడవకూడదు, చుట్టూ తిరిగి పోవాలి.

గావు, అంటే బలి, పోతురాజు దగ్గర. ఆ ఘడియలో ముందు వరసలో దూరే ప్రయత్నం చేయొద్దు. డప్పు హోరు పెరిగే కొద్దీ పూనకాలు వస్తాయి, జనం ఒక్కసారిగా వెనక్కి తోస్తారు. పిల్లలున్న వాళ్ళు ఏటి వైపు కాక రోడ్డు వైపు నిలబడాలి.

రాయబారం

రెండో రోజు పగలు గుడి దగ్గర పెద్దగా ఏమీ జరగదు. ఆ సమయంలో గురజాల వైపు పోయి రావచ్చు. యుద్ధం తప్పించడానికి మాచర్ల పక్షం అలరాజుని రాయబారం పంపింది. అతను నలగాముడికి సొంత అల్లుడే. తిరిగొస్తూ చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగంతో చనిపోయాడని కథ. భార్య పేరిందేవి చితి ఎక్కింది. ఆ చర్లగుడిపాడు ఇప్పటికీ గురజాల మండలంలో ఊరే. పల్నాటి కథలో సగం చోట్లు ఇట్లాగే ఆర్టీసీ టికెట్ల మీద కనపడతాయి.

గురజాలలో ఒకప్పటి రాజధాని ఛాయలు వెతికితే నిరాశే. రెవెన్యూ డివిజన్ కేంద్రం, కోర్టు, ఎరువుల కొట్లు, అంతే. బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల బండి మాత్రం వదలొద్దు. కాయ చీల్చి వాము, చింతపండు ముద్ద కూరతారు, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లుతారు.

సాయంత్రానికి కారెంపూడి చేరుకోవాలి. అలరాజు రాయబారం ఘట్టాన్ని వీరవిద్యావంతులు పాడేది అప్పుడే. పల్నాటి కథ పాడటమే వృత్తిగా వచ్చిన వాళ్ళు వీళ్ళు, ఎక్కువమంది మాలలు. పంబ దరువు, తిత్తి శ్రుతి, వెనక వంత. మైకులు వచ్చాక ఒక చిక్కు వచ్చింది. పంబ శబ్దం మైకులో గొంతుని మింగేస్తుంది. మాటలు వినాలంటే సౌండు బాక్సు ముందు కాక, పాడేవాళ్ళకు పక్కగా నేలమీద కూర్చోవాలి. పేరిందేవి ఘట్టం వచ్చేసరికి వెనక వరసల్లో ఆడవాళ్ళు ముక్కు చీదుకుంటున్నారు, ఫోన్లో రీల్స్ చూస్తున్న కుర్రాడు కూడా ఫోన్ బోర్లించాడు.

మందపోరు, చాపకూడు

తిరునాళ్ళకు ఒక్కరోజే రాగలిగితే ఈ రోజు రావాలి.

కోడిపందెంలో ఓడి మలిదేవుల పక్షం వలసలో ఉన్నప్పుడు వాళ్ళ ఆలమంద మీద దాడి జరిగింది. మంద కాపరుల పెద్ద లంకన్న ఆవుల్ని కాస్తూ చనిపోయాడు. రాజుల కథలో ఒక పశువుల కాపరికి ఒక రోజంతా కేటాయించిన తిరునాళ్ళ ఇది. లంకన్న ఒరుగు అని ఆ ఘట్టాన్ని నడుపుతారు.

మధ్యాహ్నం చాపకూడు. అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు భోజనం పెట్టాడని, మాల కన్నమదాసుని కొడుకుగా పెంచి సేనానిని చేశాడని కథ చెబుతుంది. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఈ యుద్ధంలో పల్నాడు గట్టిగా పట్టుకున్నది ఈ ఒక్క పూట భోజనాన్నే అనిపిస్తుంది. ఎలా జరుగుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ళు ఇక్కడే తికమకపడతారు.

వంట తెల్లవారుజామునే మొదలవుతుంది. గాడిపొయ్యిల మీద గంగాళాలు, అన్నం వార్చి తాటాకు చాపల మీద రాశి పోస్తారు. ఆవిరి తగ్గేదాకా కప్పరు, వెంటనే కప్పితే అడుగు అన్నం ముద్దవుతుంది. కూర ఒకటే, వంకాయ, గుమ్మడి, దొరికిన కూరగాయలన్నీ కలిపి. పక్కన పప్పు, గోంగూర పచ్చడి. ముందు వీరులకు నైవేద్యం, తర్వాత కొణతాల పక్కనున్న ఆచారవంతులు, ఆ వెంటనే జనం. పొడవాటి చాపలు పరిచి ఉంటాయి. ఖాళీ ఎక్కడుంటే అక్కడ కూర్చోవాలి. మనవాళ్ళ పక్కన చోటు ఆపుకోవడం మర్యాద కాదు. చోటు ఆపుకుందామని కండువా పరిచిన ఒకాయనతో వడ్డించే మనిషి, "ఇది పెళ్ళి పంక్తి కాదు బాబాయ్, తీసెయ్" అంటే నవ్వులు. చెప్పులు చాపకు దూరంగా విడవాలి, సంచిలో పెట్టుకుంటే ఇంకా మంచిది, లేకపోతే తిరిగొచ్చేసరికి ఉండవు. రెండోసారి అన్నం అడగొచ్చు. పొట్లం కట్టి ఇవ్వమని అడగకూడదు. ఆకు ఎవరిది వాళ్ళే తీయాలి.

పన్నెండు దాటితే నాయకుల కార్లు వస్తాయి. వాళ్ళు కూర్చుని రెండు ముద్దలు తినేదాకా కెమెరాల వాళ్ళు చాపల మీదే నడుస్తారు, వడ్డన ఆగిపోతుంది. ప్రశాంతంగా తినాలంటే అంతకుముందే పంక్తిలో ఉండాలి.

ఆ పూట దాటాక ఊళ్ళో పేటలు పేటలుగానే ఉంటాయి. చాపకూడు చూసి పల్నాట్లో కులం పోయిందని రాసేవాళ్ళు సాయంత్రం దాకా ఉండని వాళ్ళు. అయితే ఏడాదికొకసారైనా జనం ఎదుట, గుడి ముందు, ఎవరి పక్కన కూర్చుంటున్నామో అడక్కుండా కూర్చోవాలనే కట్టుబాటు ఇన్నాళ్ళు నిలబడటం చిన్న విషయం కాదు.

గుత్తికొండ

మర్నాడు పొద్దున గుత్తికొండ. యుద్ధం అయ్యాక బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగాముడికే అప్పజెప్పి ఈ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు. గెలిచిన మంత్రి ఓడిన రాజుకే పట్టం కట్టాడన్నమాట. కొడుకు బాలచంద్రుడు అప్పటికే చనిపోయాడు, కన్నమదాసూ లేడు.

బిలం సున్నపురాతి గుహ. ఆటో మాట్లాడుకునేటప్పుడు రానూపోనూ, అక్కడ ఆగేదీ కలిపి బేరమాడాలి, తిరుగు ప్రయాణానికి అక్కడ బళ్ళు దొరకవు. లోపల మెట్లు తడిగా ఉంటాయి, రబ్బరు చెప్పులు జారతాయి. ఫోన్ లైటు చాలదు, చేతి టార్చి కావాలి. గాలి తక్కువ, ఉక్క ఎక్కువ. ఆయాసం ఉన్నవాళ్ళు మొదటి మెట్ల దగ్గరే ఆగడం మంచిది. గబ్బిలాల రెట్ట వాసన ఎటూ తప్పదు. తొలి ఏకాదశికి ఇక్కడ పెద్ద జనం, మిగతా రోజుల్లో మనుషులు పలచన. 1969లో నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ ఆంధ్ర విప్లవకారులతో కలిసింది ఈ గుత్తికొండ ప్రాంతంలోనే. ఒక యుద్ధం ముగిసిందని చెప్పే చోటే ఇంకో యుద్ధానికి సమావేశం పెట్టుకున్నారు.

కోడిపోరు

మధ్యాహ్నానికి కారెంపూడి. నాలుగో రోజు కోడిపోరుకు జనం మిగతా రోజులకు రెట్టింపు, అందులో కుర్రాళ్ళు ఎక్కువ. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మది సివంగి డేగ. పందెంలో ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలి. చిట్టిమల్లు ఓడింది.

గమనిస్తే తిరునాళ్ళ వరస కథ వరస కాదు. కథలో ముందు కోడిపోరు, తర్వాత వలస, మందపోరు, రాయబారం, యుద్ధం. ఇక్కడ రాయబారం ముందొచ్చి, కోడిపోరు చావుకు ముందురోజు వస్తుంది. అలరాజు, లంకన్నల చావులు చూశాక, వాటికి మూలం ఈ పుంజులేనా అనుకుంటూ జనం బరి చుట్టూ నిలబడతారు. తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ గొప్ప వరస.

పోరు కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఎత్తైన చోటు దొరక్కపోతే కనిపించేది ముందువాడి వీపే. సంక్రాంతి బరుల అలవాటున్నవాళ్ళు ఇక్కడ కాయ్ రాజా కాయ్ కోసం వెతకొద్దు. పందెం కాస్తే 1974 నాటి గేమింగ్ చట్టం కింద కేసు. పోలీసులు మఫ్టీలో కూడా ఉంటారు.

నాగమ్మ పేరు వచ్చినప్పుడల్లా జనంలో ఈలలు. గట్టిగా మాట్లాడే ఆడమనిషిని నాయకురాలు నాగమ్మ అనడం తెలుగునాట ఇంటింటా ఉన్నదే, అది మెచ్చుకోలు మాత్రం కాదు. జిట్టగామాలపాడు నుంచి వచ్చి, వితంతువై, ఆ కాలంలో ఒక రాజ్యానికి మంత్రాంగం నడిపిన మనిషికి ఇన్ని వందల ఏళ్ళుగా దక్కింది ఇదే. పందెం ఇద్దరూ కాశారు, నింద ఒక్కరికే అంటింది.

కల్లిపాడు

చివరి రోజు కొణతాలన్నీ ఊరేగింపుగా కల్లిపాడుకు బయల్దేరతాయి. వీరులు నేలకొరిగిన ఘట్టం అది. ఊరేగింపుకు ఎదురు నడవొద్దు, పక్క సందుల్లోంచి ముందుగానే చేరుకుని గట్టు మీద నిలబడాలి. నేల ఎండిన రేగడి, నెర్రెలు. పూనకంలో పరుగెత్తేవాళ్ళ కాళ్ళు ఆ నెర్రెల్లో పడితే చీలమండ బెణుకుతుంది, అందుకే ఒక్కొక్కరికీ ఇటో మనిషి అటో మనిషి పట్టుకుని పరుగెడతారు. ఎవరి కొణతం మాచర్ల వైపుదో, ఎవరిది గురజాల వైపుదో ఇక్కడ ఎవరూ అడగరు, అన్నిటికీ ఒకే పసుపు.

మాచర్ల – గుంటూరు

మాచర్లలో చంద్రవంక ఒడ్డున చెన్నకేశవస్వామి గుడి. వీరులు కొలిచిన దేవుడీయనే. మధ్యాహ్నం తలుపులు వేస్తారు గనక పొద్దున్నే వెళ్ళాలి. దుర్గి మీదుగా పోతే రాతి శిల్పాల పనివాళ్ళ కొట్లు కనపడతాయి. ఆ మండలంలోదే మించాలపాడు, అడవిలో పశువుల మేతకు పుల్లరి కట్టబోమన్నందుకు కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపిన ఊరు. ఆయనకు గుడి లేదు, కొణతం లేదు, విగ్రహాలున్నాయి.

మాచర్ల బస్టాండులో టీ తాగుతుంటే ఎన్నికల మాట రాకుండా ఉండదు. 2024 మే 13 పోలింగు గొడవల తర్వాత ఎన్నికల సంఘం పల్నాడు ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టర్ని బదిలీ చేసింది. టీవీలకు శీర్షిక వెతుక్కునే పని లేకుండా పోయింది, పల్నాటి యుద్ధం సిద్ధంగా ఉంది. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయి పల్నాడు జిల్లా అయ్యాక ఆ పేరు ఇంకా తేలికగా అంటుకుంటోంది. "ఆ యుద్ధానికి ఏడాదికి ఐదు రోజులే నాయనా, వీళ్ళకి ఐదేళ్ళూ అదే" అన్నాడు టీ కొట్టాయన, గ్లాసులు కడుగుతూ. పౌరుషం గురించి సభల్లో మాట్లాడే వాళ్ళు బాలచంద్రుడి దగ్గర ఆగిపోతారు. రాయబారం దాకా రారు, చివర్లో రాజ్యం ఎవరికి దక్కిందో అసలే చెప్పరు. కులాల వారీగా వీరుల్ని పంచుకునే ఫ్లెక్సీలు నరసరావుపేట నుంచి గుంటూరు దాకా రోడ్డు పొడుగునా ఉన్నాయి. పల్నాటి పులి అనే బిరుదు ఏ పార్టీ నాయకుడికైనా సరిపోతుంది, కింద ఫోటో మారుతుందంతే.

తిరుగు ప్రయాణానికి మాచర్ల నుంచి గుంటూరుకు రైలు కూడా ఉంది, నడికుడి, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి మీదుగా. బస్సు కంటే చవక, నెమ్మది. తిరునాళ్ళ ఆఖరి సాయంత్రం బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు కాబట్టి టైము కుదిరితే రైలే మేలు. దారి ఖర్చుకు చిల్లర నోట్లు ఉంచుకోండి. కారెంపూడిలో జనం పెరిగాక సిగ్నల్ పోతుంది, ఫోన్‌పే పనిచేయదు, చెరుకురసం బండివాడు వంద నోటుకు చిల్లర ఇవ్వడు.